రెండున్నర శ్రుతి దగ్గరే ఆగాను: ట్యూబాతో పద్నాలుగు నెలలు

సెప్టెంబరు

నలభై మూడేళ్ళ వయసులో ట్యూబా పట్టడానికి గొప్ప కారణమేమీ లేదు. ఇంగ్లండులో హడర్స్‌ఫీల్డ్ పక్కన మేముండే ఊళ్ళో బ్రాస్ బ్యాండు (ఇత్తడి బూరల బృందం) సాధన గది మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉంది. కార్నెట్ అనే చిన్న బూర నేర్చుకుంటానంటే మా అబ్బాయిని తీసుకెళ్ళాను. వాడు మూడు వారాలకే మానేశాడు. "బేస్ వాయించేవాళ్ళు తగ్గిపోయారు, మీరు కూర్చోకూడదా?" అని నన్నడిగారు. ఇక్కడి బ్యాండ్లలో ట్యూబా అనే మాట వాడరు, బేస్ అంటారు. వాద్యం వాళ్ళే అరువిచ్చారు.

ఫోనులో చూపిస్తే అమ్మ, "పెళ్ళి ఊరేగింపులో చివర నడిచే అతని మెడలో ఉండే పెద్ద బూర కదరా అది!" అంది. దాదాపు అదే. మెడ చుట్టూ తిప్పి భుజాన మోసేది సూసాఫోను, ఒళ్ళో కూర్చోబెట్టుకునేది ట్యూబా.

నాకిచ్చింది మూడు వాల్వుల ఈ-ఫ్లాట్. వాల్వు అంటే నొక్కితే గాలిని అదనపు గొట్టంలోకి మళ్ళించే మీట. ఏ వాల్వూ నొక్కకుండా ఊదితే పలికే ఆధార స్వరాన్ని బట్టి ఆ పేరు. మన లెక్కలో రెండున్నర శ్రుతి. వాడుకలో ఉన్నవి ముఖ్యంగా నాలుగు: బి-ఫ్లాట్, సి, ఈ-ఫ్లాట్, ఎఫ్. గొట్టం చుట్టలన్నీ విప్పి చాపితే వరుసగా సుమారు 18, 16, 13, 12 అడుగులు. శ్రుతికొక వేణువు చొప్పున సంచీలో పెట్టుకుని కచేరీకి వచ్చే విద్వాంసులను చూసినవాళ్ళకు ఈ ఏర్పాటు వింతగా ఉండదు.

తేడా వేళ్ళ దగ్గర ఉంది. వేణువు ఏదైనా షడ్జమానికి వేళ్ళు ఒకటే. బ్రాస్ బ్యాండ్లదీ అదే పద్ధతి. కార్నెట్ నుంచి పెద్ద బేస్ దాకా దాదాపు అందరికీ ట్రెబుల్ క్లెఫ్‌లోనే రాసిస్తారు (స్వరలిపిలో ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తు క్లెఫ్). కాగితం మీద సి కనబడితే అందరివీ ఒకే వేళ్ళు, పలికే స్వరం మాత్రం వాద్యాన్ని బట్టి మారుతుంది. ఆర్కెస్ట్రాలో అలా కాదు. అక్కడ ట్యూబాకు బేస్ క్లెఫ్‌లో అసలు స్వరాన్నే రాస్తారు, ఏ వేళ్ళు వాడాలో వాయించేవాడే చూసుకోవాలి. మంద్రంలోని ఒకే సి స్వరానికి సి ట్యూబా మీద ఏదీ నొక్కనక్కరలేదు, ఈ-ఫ్లాట్ మీద మొదటి రెండు వాల్వులు కలిపి నొక్కాలి, బి-ఫ్లాట్, ఎఫ్‌ల మీద నాలుగోది. ఆ నెలలో ఇదేమీ నా బుర్రకెక్కలేదు. ఊదితే శబ్దం రావడమే పండుగగా ఉండేది.

నవంబరు

శబ్దం వస్తోంది, శ్రుతి కుదరడం లేదు. ఫోనులో తంబూరా యాప్‌ను రెండున్నరకు పెట్టి దీర్ఘ స్వరాలు ఊదుతున్నాను. పక్కవాళ్ళ ట్యూనర్ల కంటే నాకు ఇదే నయం. సూది వంక చూస్తే చెవి పనిచేయడం మానేస్తుంది. మొదటి, మూడో వాల్వులు కలిపినప్పుడు స్వరం పైకి జారుతోంది, మూడూ కలిపితే మరీ ఘోరం.

కారణం కూడికల్లో ఉంది. 13 అడుగుల గొట్టాన్ని ఒక స్వరం దించడానికి మొదటి వాల్వు 1.6 అడుగులు కలుపుతుంది. మొదటి, మూడో వాల్వులకు బదులుగా నొక్కే నాలుగో వాల్వు ఉన్న వాద్యంలోనూ ఇదే చిక్కు. అది నొక్కగానే గొట్టం 17.4 అడుగులవుతుంది. ఇప్పుడు స్వరం దిగాలంటే 2.1 అడుగులు కలవాలి, మొదటి వాల్వు దగ్గర ఉన్నది మాత్రం అదే 1.6. అర అడుగు అప్పు! దీనికి 1874లో డేవిడ్ బ్లేక్లీ అనే బ్రిటిష్ వాద్య నిపుణుడు ఒక ఉపాయం కనిపెట్టాడు. నాలుగోది నొక్కితే గాలి మళ్ళీ అవే వాల్వుల గుండా రెండోసారి తిరిగి, అదనపు చిన్న గొట్టాలను కూడా చుట్టివస్తుంది. దీన్ని కాంపెన్సేటింగ్ అంటారు. జర్మన్, అమెరికన్ వాద్యాలు ఎక్కువగా ఈ దారి పట్టవు. ఐదో వాల్వు పెడతాయి, లేదంటే వాయిస్తూనే ఎడమ చేత్తో స్లైడు (జరిగే గొట్టం) లాగాల్సి ఉంటుంది.

కొత్తగా మొదలుపెట్టేవారికి నా సలహా: ఏ శ్రుతి వాద్యమన్నది తరువాత చూసుకోవచ్చు, ముందు నాలుగో వాల్వు ఉందో లేదో చూడండి.

ఫిబ్రవరి

బి-ఫ్లాట్ వాయించే పెద్దాయనకు మోకాలి ఆపరేషన్ అయింది. రిటైరైన బస్సు డ్రైవరాయన, ఇరవై ఏళ్ళుగా అదే కుర్చీ. ఆరు వారాలు నన్ను అందులో కూర్చోబెట్టారు. అదే ట్రెబుల్ క్లెఫ్ కాబట్టి వేళ్ళు మారలేదు, మారింది ఊపిరి. ఈ-ఫ్లాట్ మీద ఒక్క గుక్కలో పూర్తయ్యే వాక్యాన్ని ఇక్కడ రెండుగా విరవాల్సి వచ్చింది. స్వరం ఊదాక పలకడానికి ఒక క్షణం పడుతుంది కాబట్టి తాళం కంటే రవ్వంత ముందే ఊపిరి వదలాలి. ఆ చివరి మాట పక్క కుర్చీలోని ఆవిడ చెప్పకపోతే సీజనంతా వెనకబడే ఉండేవాణ్ణి.

పెద్దదైతే ఇంకా కిందికి వెళ్తుందనుకునేవాణ్ణి. కాంపెన్సేటింగ్ ఈ-ఫ్లాట్ కూడా ఆ స్వరాలన్నిటినీ అందుకుంటుంది. కాకపోతే ఈ-ఫ్లాట్ అట్టడుగున పలికేది స్వరమే, బి-ఫ్లాట్ పలికితే నేల కదులుతుంది. బ్యాండులో రెండు ఈ-ఫ్లాట్లు, రెండు బి-ఫ్లాట్లు ఉండటానికి కారణం ఇదేనని అక్కడ కూర్చున్నాకే తెలిసింది. పది కిలోలు దాటిన ఆ బరువు మా చిన్న కారు డిక్కీలో పట్టలేదు. వెనక సీటుకు బెల్టు పెట్టి తీసుకెళ్ళేవాణ్ణి.

జూన్

విట్ ఫ్రైడే, ఇక్కడి బ్యాండ్ల పండుగ రోజు. దగ్గర్లోని సాడిల్‌వర్త్ ఊళ్ళన్నీ తిరుగుతూ వీధుల్లో కవాతు, ఊరికొక పోటీ. న్యాయనిర్ణేత మనకు కనబడడు, మూసిన గదిలోనో కారవాన్‌లోనో కూర్చుని వింటాడు. భుజాన పట్టీతో ఈ-ఫ్లాటే మోశాను. రెండు రోజులు మెడ తిరగలేదు.

ఆగస్టు

పట్టణంలోని ఔత్సాహిక ఆర్కెస్ట్రాకు ట్యూబా కావాలట. వాద్యం కొనుక్కుందామన్న ఆలోచన కూడా అప్పుడే ముదిరింది. ఒక శనివారం దుకాణంలో మూడు గంటలు గడిపాను.

ముందు సి. అమెరికాలో ఆర్కెస్ట్రా ట్యూబా అంటే ఎక్కువగా ఇదే. ధ్వని బి-ఫ్లాట్ అంత వెడల్పు, పలకడంలో కొంచెం చురుకు. నచ్చింది. కానీ నా వేళ్ళ పట్టిక మొత్తం తుడిచి మళ్ళీ రాసుకోవాలి. (ఫ్రాన్సులో 20వ శతాబ్దం మధ్యదాకా వాడిన సి ట్యూబా వేరు. అది ఎనిమిది అడుగులే, ఎఫ్ కంటే కూడా ఒక పంచమమంత పైన. పాత ఫ్రెంచ్ కాగితాల మీద సి అని చూసి పెద్ద సి అనుకుంటే పైస్వరాల దగ్గర ప్రాణం పోతుంది.)

తరువాత ఎఫ్. ట్యూబా పుట్టిందే ఈ శ్రుతిలో: 1835లో బెర్లిన్‌లో బ్యాండు మాస్టరు వీప్రెష్ట్, వాద్యాల తయారీదారు మోరిట్జ్ పేటెంటు తీసుకున్నది ఎఫ్ వాద్యానికే. పైన సన్నని దారంలా పాడుతుంది. జర్మన్ వాద్యకారులు దాన్ని ఎందుకు వదలరో అర్థమైంది. కానీ నేను ఊదిన రోటరీ (లోపల గుండ్రంగా తిరిగే) వాల్వుల ఎఫ్‌కు మంద్రంలో సి దగ్గర జలుబు చేసినట్టు గొంతు పూడుకుపోయింది. ఈ రకానికి అది పాత జబ్బేనట, అలవాటైనవాళ్ళు దాటేస్తారట. వారానికి నాలుగు గంటలు సాధన చేసే నాకు అంత ఓపిక లేదు.

చివరికి నాలుగు వాల్వుల కాంపెన్సేటింగ్ ఈ-ఫ్లాట్‌నే, వేరొకరు వాడినది, 2,600 పౌండ్లకు కొన్నాను. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాలో జాన్ ఫ్లెచర్ వాయించి చూపించాక బ్రిటన్ ఆర్కెస్ట్రాల్లో ఈ-ఫ్లాట్ బాగా పాతుకుపోయింది కాబట్టి అక్కడ ఎవరూ చిన్నచూపు చూడరు. అయితే నన్ను ఒప్పించింది ఆయన కాదు, ఒక చిన్న కిటుకు. బేస్ క్లెఫ్ కాగితాన్ని ట్రెబుల్ క్లెఫ్ అనుకుని, మూడు షార్పులు (స్వరాన్ని అర మెట్టు పెంచే గుర్తులు; దించేది ఫ్లాట్) కలుపుకుని చదివితే ఈ-ఫ్లాట్ బేస్ వేళ్ళు యథాతథంగా సరిపోతాయి. ఎఫ్ మేజర్‌లో ఉన్న ఒక ఫ్లాటుకు మూడు షార్పులు కలిపితే రెండు షార్పులు, అంటే నా కళ్ళకు డి మేజర్. పక్కన బి-ఫ్లాట్ బేస్ వాయించేవారికి ఈ సౌకర్యం లేదు.

అక్టోబరు

ఆర్కెస్ట్రాలో మూడో సాధన. మొదటి నలభై నిమిషాలు ఊరికే కూర్చుని విరామాలు లెక్కపెట్టాను. బ్యాండు నుంచి వచ్చినవాడికి అన్నిటికంటే కష్టం అదే. కిటుకు మధ్యలో వచ్చే గుర్తుల దగ్గర బోల్తా కొట్టిస్తోంది. బి ముందు ఫ్లాట్ గుర్తు ఉంటే నా లెక్కలో అది జి నాచురల్ (పెంచనిదీ దించనిదీ), నేనేమో అలవాటుగా జి ఫ్లాట్ ఊదేశాను. ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టరు ఆగి, కళ్ళజోడు మీదుగా నావైపు చూసింది. అలాంటి గుర్తులన్నిటి చుట్టూ ఇప్పుడు పెన్సిలుతో సున్నాలు చుడుతున్నాను. రెండో పేజీలో ఇప్పటికి పదకొండు.