వెదురు పొద కింద తెల్ల వల

ఆరింటికి వెదురు పొద కింద కోడిగుడ్డంత తెల్లటి ముద్ద. తొమ్మిదయ్యేసరికి అది చీలి జానెడు కాడ లేచింది, టోపీ అంచు నుంచి తెల్లటి వల పావడాలా జారింది. దగ్గరికెళ్తే కుళ్లిన మాంసం కంపు! ఇదో పుట్టగొడుగు, పేరు ఫాలస్ ఇండుసియేటస్.

ఆ కంపంతా టోపీ మీది ముదురాకుపచ్చ జిగురుది. సిద్ధబీజాలు అందులోనే ఉంటాయి, వాటిని ఈగలు మోసుకెళ్తాయి. మధ్యాహ్నానికి జిగురంతా నాకేశాయి, కింద తేనెపట్టులాంటి గళ్లు బయటపడ్డాయి. ఎంత అందమో!

1798లో ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు వెంటెనా దీనికి పేరు పెట్టింది దక్షిణ అమెరికాలోని సురినామ్ నమూనాతో. ఆసియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియాల్లోనూ మొలుస్తుంది. చైనాలో పెంచి తింటారు కూడా. కంపు కొట్టే టోపీ తీసేసి, కాడ, వల ఎండబెడతారు.

దీని చుట్టం క్లాత్రస్ ఆర్చెరి, ఎర్రటి వేళ్లలా విచ్చుకునేది, ఆస్ట్రేలియా వైపు నుంచి వెళ్లి యూరప్‌లో పాతుకుపోయింది.

కనిపిస్తే తన్నకండి. సాయంత్రానికి అదే వాలిపోతుంది.