పర్లాకిమిడి నుంచి ముప్పై తొమ్మిది గంటలు

ఢిల్లీ నుంచి శాన్‌ ఫ్రాన్సిస్కోకి దాదాపు 12,400 కిలోమీటర్లు, పదిహేనున్నర గంటలు. టికెట్ తీసిన రోజు నుంచి మా అల్లుడు ఫోన్లో ఇదే లెక్క చెబుతున్నాడు. అమ్మాయికి నెలలు నిండుతున్నాయి, ఆ లెక్క విని నేనూ ధైర్యంగానే ఉన్నాను. కానీ నేను బయల్దేరాల్సింది ఒడిశా అంచున ఉన్న పర్లాకిమిడి నుంచి.

2024 ఏప్రిల్, మంగళవారం. తెల్లవారుజామున నాలుగున్నరకి ఆటో ఎక్కాను. సరిహద్దు దాటితే పాతపట్నం, ఆ కాస్త దూరానికే రెండొందలు తీసుకున్నాడు. గుణుపూర్ పాసింజర్ టైము కుదరక అక్కడ బస్సెక్కాను. నరసన్నపేట ఇంకా రాకుండానే టైరు పంక్చర్. స్టెప్నీలోనూ గాలి లేదు. బాలింతకి పెట్టే కాయం, సున్నుండలు, పసిబిడ్డకి పాత మెత్తటి చీరలు ఉన్న రెండు పెట్టెలతో గంటన్నర రోడ్డు పక్కన నిలబడ్డాను. టెన్షన్‌తో గొంతు ఎండిపోయింది.

పక్కనున్న ముసలావిడ ఎక్కడికని అడిగింది. మా అమ్మాయి పురిటికి అమెరికా వెళ్తున్నానన్నాను.

"ఎన్నాళ్ళ దారమ్మా?" అంది.

నన్ను అలా అడిగింది ఆవిడొక్కతే. మా నాన్న కూడా దారిని అలాగే లెక్కేసేవాడు. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు మీద నౌపడాకి నలభై కిలోమీటర్లు, రెండున్నర గంటలు. అక్కడ మెయిలు బండి అందుకోవాలంటే ఇంట్లో ఎప్పుడు లేవాలి, ఎప్పుడు వండాలి, అన్నీ నాన్న ముందురాత్రే చెప్పేవాడు.

దారిలో భోగాపురం దగ్గర కొత్త ఎయిర్‌పోర్టు పనులు కనిపించాయి. అది అప్పటికే పూర్తయి ఉంటే నాకో గంట కలిసొచ్చేది. విశాఖ ఎయిర్‌పోర్టులో కౌంటర్ మూసే ముందు పరుగెత్తుకెళ్ళి పెట్టెలిచ్చాను. ఢిల్లీకి రెండుంబావు గంటలు. అక్కడ రాత్రంతా కూర్చోవడం, టీకి 180 రూపాయలు.

విమానం గంటకి 900 కిలోమీటర్లు పోతుందంటారు కదా, మరి పద్నాలుగు గంటలు కూడా పట్టకూడదు. ఆ 12,400 గుండ్రటి భూమి మీద అన్నిటికన్నా దగ్గరి గీత అట. విమానం గాలివాటం, ఏ దేశం మీదుగా వెళ్ళొచ్చో చూసుకుని పక్కకి జరుగుతుంది. టికెట్ మీది గంటల్లో రన్‌వే దాకా మెల్లగా నడిచే సమయమూ కలిసి ఉంటుంది. ఎదురుగా తెరమీద మా గీత తూర్పుకి కాకుండా పైకి, రష్యా వైపు వంగింది. నిద్ర పట్టలేదు, దాన్నే చూస్తూ కూర్చున్నాను.

బుధవారం తెల్లవారి నాలుగింటికి ఎగిరి, అదే బుధవారం పొద్దున్న ఏడింటికి దిగాం. అమ్మకి ఫోన్ చేశాను.

"ఇప్పుడే దిగానమ్మా, ఇక్కడ పొద్దున్న ఏడైంది."

"ఇక్కడ దీపాలు పెట్టేశాం కదే! పాపకి నొప్పులు మొదలయ్యాయా?"

"ఇంకా లేదమ్మా. వచ్చేశాను."