నల్లరేగడికీ సున్నపురాయికీ ఒకే టైరు: ఏటీవీ పనుల పురోగతి

మా ఏటీవీ (ఎగుడుదిగుడు నేలల మీద నడిచే నాలుగు చక్రాల చిన్న బండి) పొలారిస్ స్పోర్ట్స్‌మన్ 570కి బండితోపాటు వచ్చిన టైర్లు అరిగిపోవడంతో, కొత్తవి ఎంచుకునే పని కొన్ని వారాలుగా సాగుతూ ఇప్పుడు ఒక కొలిక్కి వచ్చింది. ఈ బండి తిరగవలసిన నేలలు రెండు, ఒకదానికొకటి బొత్తిగా పొసగనివి. ఆస్టిన్‌కు తూర్పున మా పొలం ఉన్నవైపు నల్లమట్టి. టెక్సస్ రాష్ట్ర నేలగా గుర్తింపు పొందిన హ్యూస్టన్ బ్లాక్ మన దక్కన్ నల్లరేగడిలాగే వర్టిసాల్ అనే బంకమట్టి నేలల తరగతికి చెందినది కనుక, వాన పడితే అది ఎలా అంటుకుంటుందో, ఎండితే ఎలా నెర్రెలు విచ్చుతుందో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. నగరానికి పడమర కొండల్లో సున్నపురాయి అంచులు సైడ్‌వాల్‌ను, అంటే టైరు పక్కభాగాన్ని, కోస్తాయి. రెండువైపులా మెస్కీటు ముళ్లు ఉన్నాయి. మెస్కీటు మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం.

ముందుగా కొలతల సంగతి. పాత టైర్లు ముందు 25x8-12, వెనుక 25x10-12. మొదటి అంకె టైరు మొత్తం ఎత్తు, రెండోది వెడల్పు, చివరిది రిమ్ము వ్యాసం, మూడూ అంగుళాలే. చివరి అంకెకు ముందు గీతకు బదులు ఆర్ అక్షరం ఉంటే అది రేడియల్, అంటే లోపలి దారాలు ఒక అంచు నుంచి మరో అంచుకు అడ్డంగా సాగే రకం. 25 నుంచి 27కు మారితే బండి రెండంగుళాలు పైకి లేస్తుందని చాలామంది అనుకుంటారు గానీ, ఇరుసు కింద పెరిగేది అందులో సగం, అంటే ఒక అంగుళమే. ఆ అంగుళం కోసం చక్రం అంచున నేలను తోసే బలంలో దాదాపు 7 శాతం వదులుకోవాలి. 26కు మారితే ఆ నష్టం 4 శాతం లోపే.

బరువు గురించి మాత్రం దుకాణాల్లో ఎవరూ తమంతట తాము చెప్పరు. అందుకని దొరికిన ప్రతి టైరునూ ఇంట్లోని బాత్రూం తూకం మీదికి తెచ్చాను. టైరు పట్టుకుని ఒకసారి, ఉత్తచేతులతో ఒకసారి నిలబడి తేడా తీస్తే చాలు. పాతవి ముందుది 15 పౌండ్లు, వెనుకది 19. నాలుగూ కలిపి 68. మిత్రుడి దగ్గర ఉన్న 27 అంగుళాల బురద టైర్లు ముందుది 33, వెనుకది 38. నాలుగూ కలిపి 142 పౌండ్లు, అంటే 64 కిలోలు. మధ్యలో చూసిన 26 అంగుళాల ఆరు ప్లై రేడియల్స్ 23, 27 చొప్పున మొత్తం 100 పౌండ్లు తూగాయి.

అదనపు 74 పౌండ్లను క్యారియర్ మీద మూట కట్టి పెట్టడమూ, చక్రాలకు తగిలించడమూ ఒకటి కాదు. చక్రం బరువు ముందుకు కదలడంతోపాటు తిరగాలి కూడా కనుక, ఆ బరువంతా అంచునే ఉందనుకుంటే వేగం పుంజుకునేటప్పుడు ఇంజనుకు అది రెట్టింపుగా తెలుస్తుంది. పైగా అది షాక్ అబ్జార్బర్ల కింద వేలాడే బరువు. రాళ్ల మీద చక్రం ఎగిరి దిగడం ఆలస్యమై హ్యాండిల్ చేతుల్ని కొడుతుంది. బురదలో గిర్రున తిరుగుతున్న బరువైన టైరుకు హఠాత్తుగా గట్టినేల దొరికితే ఆ దెబ్బంతా యాక్సిల్ కీళ్లకు తగులుతుంది. 44 హార్స్‌పవర్ ఇంజను వాటిని తిప్పలేక కాదు. తిప్పుతుంది, కాని భారం ఇంజను శక్తిని చక్రాలవైపు అందించే రబ్బరు బెల్టు మీద పడుతుంది. క్లచ్‌లో తేలికపాటి వెయిట్లు వేసి ఆర్‌పీఎమ్ (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) పెంచుకోవచ్చన్నది నిజమే అయినా, టైరు కోసం క్లచ్ విప్పడం నాకు తలకిందుల వ్యవహారంగా కనిపించింది.

మిత్రుడి టైర్లను రిమ్ములతో సహా తగిలించి చూశాను. నల్లమట్టిలో వాటికి తిరుగులేదు. టైరు మీది గుబ్బల మధ్య ఎడం ఎక్కువ కనుక యాక్సిలరేటర్ నొక్కగానే మట్టిముద్దలు ఊడి ఎగిరిపోయాయి. గట్టి దారిలో మాత్రం సీటు కింద ఎడతెగని అదురు, హ్యాండిల్ పూర్తిగా తిప్పితే ముందు టైరు ఫుట్‌రెస్ట్ అంచును రాయడం. ఏడాదిలో బురద ఉండే రోజులు ఎన్నో లెక్కేసుకుంటే ఆ టైర్లు నాకు కావని తేలిపోయింది.

ప్లై గురించి ఒక మాట: ఆరు ప్లై అంటే లోపల ఆరు పొరలున్నాయని కాదు, అది బలానికి ఇచ్చే రేటింగు మాత్రమే. రాళ్లకు ఆరు చాలు. ఎనిమిది తీసుకుంటే బరువు పెరుగుతుంది, ముల్లు మాత్రం ఆగదు. మెస్కీటు ముల్లుకు మందు ప్లగ్ కిట్టూ, చిన్న పంపూ.

చివరికి ముందు 26x9ఆర్12, వెనుక 26x11ఆర్12 తీసుకున్నాను. వెనుక ఎత్తు పెంచి ముందు పాతవే ఉంచితే డబ్బు మిగిలేది గానీ, ఈ బండి ముందు డ్రైవు వెనుక చక్రం జారినప్పుడే అందుకుంటుంది కనుక నాలుగింటి ఎత్తూ సమానంగా ఉండవలసిందే. సబ్బునీళ్లు రాసి, సైడ్‌వాల్ మీద ముద్రించిన గరిష్ఠ ఒత్తిడి దాటకుండా టైరు అంచును రిమ్ములో కూర్చోబెట్టాము. తర్వాత గాలి 5 పీఎస్‌ఐకి దించాను; ఇంత తక్కువ ఒత్తిడిని కారు గేజీ సరిగా చూపదు, 10 లోపు కొలిచే గేజీ విడిగా కొనాలి. ఆ గాలితో టేపు పెట్టి కొలిస్తే 26 అన్న టైరు పాతికన్నరే ఉంది.

ఇప్పుడు హ్యాండిల్ ఎటు తిప్పినా ఎక్కడా రాయడం లేదు. రాళ్ల వాలుల్లో లో గేరులో పాత టైర్ల కన్నా నెమ్మదిగా, పట్టుగా దిగుతోంది. తడి నల్లమట్టిలో గుబ్బలు కొంత పూడుకుంటున్నాయి కాబట్టి వాన వెలిసిన మరునాడు పొలానికి బండి తీయడం మానుకున్నాను. తరువాతి సర్వీసులో బెల్టు కవరు విప్పి దాని వెడల్పు కొలిచి, పాత కొలతతో పోల్చి ఇక్కడ రాస్తాను.