గేట్ ప్రిపరేషన్: బఫర్ నాకు చెరువు గట్టు మీద అర్థమైంది

గేట్ సీఎస్ (కంప్యూటర్ సైన్స్ పేపర్)కు ప్రిపేర్ అవుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్క టాపిక్ గురించి చెప్పాలని ఇది రాస్తున్నాను. అది బఫర్, అంటే డేటా ఇచ్చేవాళ్లకూ తీసుకునేవాళ్లకూ మధ్య దాన్ని కాసేపు నిలిపి ఉంచే మెమరీ. సిలబస్‌లో ఈ పేరుతో విడిగా చాప్టర్ కనిపించదు. సీ ప్రోగ్రామింగ్‌లో కొంత, డేటా స్ట్రక్చర్స్‌లో కొంత, ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో కొంత ఉంటుంది. మొదటి అటెంప్ట్‌లో ఆ ముక్కలను వేటికవే బట్టీ పట్టాను. పరీక్షలో సర్క్యులర్ క్యూ (చివరి గడి తర్వాత మళ్లీ మొదటి గడికే తిరిగే వరుస) ప్రశ్న రాగానే ఫార్ములా గుర్తొచ్చింది. వరుస చివరను గుర్తుపెట్టే రియర్, చివరి ఎలిమెంట్‌ను చూపిస్తోందా, దాని పక్కనున్న ఖాళీ గడినా అన్నది మాత్రం చూసుకోలేదు. రెండు మార్కులు పోయాయి, పైగా 2/3 మైనస్.

మాది నల్గొండ పక్కన పానగల్. ఉదయసముద్రం ఇంటికి దగ్గరే. ఆ పాత చెరువే ఇప్పుడు ఏఎమ్మార్ సాగునీటి ప్రాజెక్టుకు బ్యాలెన్సింగ్ రిజర్వాయర్. నీళ్లు వచ్చే వేగం వేరు, తూము వదిలే వేగం వేరు. ఆ తేడాను చెరువు కాస్తుంది. ఒక సాయంత్రం గట్టు మీద నోట్స్ తిరగేస్తుంటే ప్రొడ్యూసర్-కన్స్యూమర్ (ఒకరు బఫర్‌లో నింపుతుంటే ఇంకొకరు తీసుకునే సమస్య) అంతా కళ్ల ముందే ఉన్నట్టు అనిపించింది. నిండితే ఏం చేయాలి, ఎండితే ఏం చేయాలి? బఫర్ ప్రశ్నలు ఎక్కువగా ఈ రెండు చోట్లే మనల్ని పట్టుకుంటాయి. ఆ రోజు నుంచి అంచుల దగ్గరే ప్రాక్టీస్ చేశాను.

కాగితం మీద 5 గడులు గీసి, 0 నుంచి 4 వరకు నంబర్లు వేయండి. ఫ్రంట్ మొదటి ఎలిమెంట్‌ను, రియర్ తర్వాత నింపాల్సిన గడిని చూపిస్తాయి. ఫ్రంట్, రియర్ రెండూ ఒకే చోట ఉంటే క్యూ ఖాళీ అనుకోండి. ఇప్పుడు ఐదు గడులూ నింపితే రియర్ తిరిగి ఫ్రంట్ దగ్గరికే వస్తుంది. ఖాళీయో, నిండిందో తేల్చలేం. అందుకే ఒక గడి వదిలేసి 4 మాత్రమే వాడతాం, లేదంటే విడిగా ఒక కౌంట్ పెట్టుకుంటాం. ఫ్రంట్ 3, రియర్ 1 అయితే ఎన్ని ఎలిమెంట్లు? (1 - 3 + 5) % 5, అంటే 5తో భాగిస్తే మిగిలే శేషం, 3. ముందు 5 కలపడం మర్చిపోతే సీ భాషలో -2 వస్తుంది. న్యూమరికల్ ప్రశ్నలో ఆప్షన్లు ఉండవు కాబట్టి తప్పు పట్టిచ్చే దిక్కే లేదు. దీన్ని చేత్తో కనీసం ఇరవైసార్లు చేయండి, దయచేసి.

సెమాఫోర్లకూ, అంటే ప్రోగ్రాములు ఒకదానికోసం ఒకటి ఆగేలా చేసే కౌంటర్లకూ, ఇదే బొమ్మ. ప్రొడ్యూసర్ ముందు ఎంప్టీ (ఖాళీ గడుల లెక్క) మీద వెయిట్ చేసి, తర్వాత మ్యూటెక్స్ (బఫర్‌కు ఒకేసారి ఒక్కరినే రానిచ్చే తాళం) తీసుకోవాలి. ఈ రెండూ తారుమారైతే, బఫర్ నిండినప్పుడు ప్రొడ్యూసర్ తాళం చేతిలో పట్టుకుని ఆగిపోతుంది, కన్స్యూమర్ లోపలికి రాలేదు. ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఆగిపోయే ఈ స్థితే డెడ్‌లాక్. చివర్లో ఉండే రెండు సిగ్నల్స్ (తాళం వదలడం, గడి నిండిందని చెప్పడం) తారుమారైతే డెడ్‌లాక్ రాదు. ఎందుకు రాదో మీరే ఒకసారి గీసి చూడండి, నాకు సెమాఫోర్లు నిజంగా తలకెక్కింది అక్కడే.

స్ట్రింగ్స్‌లో, అంటే అక్షరాల వరుసల్లో, మన ఊరి పేరే తీసుకోండి. నల్గొండ అని ఇంగ్లిష్‌లో రాస్తే 8 అక్షరాలు, మెమరీలో మాత్రం 9 బైట్లు కావాలి, సీ భాషలో స్ట్రింగ్ ముగిసిందని చెప్పే నల్ క్యారెక్టర్ చివర ఉంటుంది కదా. 8 బైట్ల అర్రేలోకి కాపీ చేస్తే ఆ ఒక్క బైట్ పక్కవాళ్ల మెమరీలో పడుతుంది. ఇది చిన్న విషయం అనుకోకండి. 1988లో ఇంటర్నెట్‌లో తనంతట తానే పాకిన మోరిస్ వార్మ్ అనే ప్రోగ్రాం వాడుకున్న దారుల్లో ఒకటి, పొడవు చూడకుండా ఇన్‌పుట్ తీసుకునే గెట్స్ ఫంక్షన్. సీ భాష తర్వాతి ప్రమాణమైన సీ11 స్టాండర్డ్‌లో దాన్ని తీసేశారు.

సిస్టమ్ కాల్స్ (ప్రోగ్రాం ఆపరేటింగ్ సిస్టమ్‌ను పని అడగడం) లెక్క తేలిక. 1 ఎంబీ ఫైల్‌ను ఒక్కో బైట్ చొప్పున చదివితే 10,48,576 రీడ్ కాల్స్. 4096 బైట్ల బఫర్ పెడితే 256 చాలు, ఫైల్ అయిపోయిందని సున్నా తెచ్చే చివరి కాల్ అదనం.

రెండో అటెంప్ట్‌కు వెళ్లినప్పుడు టెన్షన్ అలాగే ఉంది. క్యూ ప్రశ్న కనిపించగానే ఫార్ములా జోలికి పోకుండా, స్క్రిబుల్ ప్యాడ్ మీద గడులు గీసి, రియర్ ఎక్కడ చూపిస్తోందో ముందు రాసుకున్నాను. రెండు నిమిషాలు పట్టింది. జవాబు సరిపోయింది.