దుప్పటి కింద స్టూడియో

"ఫ్యాన్ ఆపరా!" మూడోసారి అరిచాడు మా డైరెక్టర్.

కృష్ణలంకలో మేడ మీద గది. రెండు దుప్పట్ల కింద ఫోను పట్టుకుని, మా సినిమా పాటకి హీరో చెమటలు కక్కుతూ ర్యాప్ రికార్డింగ్. దుప్పట్లు తీస్తే గొంతు గోడలకి కొట్టి మారుమోగుతుంది. 1973లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో ఓ అపార్ట్‌మెంట్ పార్టీలో మొదలైన సంగీతం, దీనికి స్టూడియో ఎందుకంటాడు మా డైరెక్టర్. డబ్బుల్లేవని చెప్పొచ్చుగా!

పొద్దున ప్రకాశం బ్యారేజీ మీద స్లోమోషన్ షాట్. సెకనుకి 48 ఫ్రేములు తీసి 24 చొప్పున చూపిస్తాం, కదలిక సగం స్పీడుకి పడిపోతుంది కాబట్టి, పెదాలు పాటతో కలవాలంటే షూటింగులో పాట రెట్టింపు స్పీడులో పెట్టి పాడాలి. అసలే ర్యాప్, ఆపైన రెట్టింపు.

వాకింగ్‌కొచ్చిన పెద్దాయన ఆగి, "ఏం బాబూ, ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు.

ఆ ముక్క సినిమాలో ఉంచేస్తున్నాం.