ఎడమవైపు సముద్రం, ఎదురుగా గాలి

సెప్టెంబరులో స్పెయిన్ తీరపు ఊరు ఓయాలో తెల్లారేదే ఎనిమిదింటికి. తెల్లారాక కూడా ఎండ మన మీద పడటానికి చాలాసేపు పడుతుంది. పడమర అట్లాంటిక్, తూర్పున ఊరి వెనకే నిటారుగా లేచిన గ్రోబా కొండలు. సూర్యుడు వాటిని ఎక్కి రావాలి. నీడ ఉన్నంతసేపు ఎంత నడిస్తే అంత లాభమని మా వదిన చీకటి ఉండగానే బ్యాగు తగిలించుకుని గుమ్మంలో నిలబడింది.

మేం నడుస్తున్నది పోర్టో నుంచి తీరం వెంట సాంటియాగో దె కంపోస్తెలా దాకా వెళ్లే దారి, పోర్చుగీస్ కోస్టల్ కమీనో. ఏసు శిష్యుడు యాకోబు సమాధి అక్కడి కథెడ్రల్‌లో ఉందన్న నమ్మకంతో మధ్యయుగాల నుంచీ జనం అటు నడుస్తూనే ఉన్నారు. ముందు రోజు మిన్యో నదిని పడవలో దాటి పోర్చుగల్ నుంచి స్పెయిన్‌లోకి వచ్చాం. రేవు దిగగానే గడియారం గంట ముందుకి జరిగింది. మేమిద్దరం క్రైస్తవులం కాదు. ఎందుకు నడుస్తున్నారని తోటి యాత్రికులు అడిగితే వదిన దగ్గర ఒకటే జవాబు: “మోకాళ్లు ఇంకా ఒప్పుకుంటున్నాయి కాబట్టి.”

ఓయా చిన్న ఊరు. ఉన్నదంతా ఆ మఠమే అనిపిస్తుంది. 12వ శతాబ్దంలో కట్టిన, సిస్టర్షియన్ శాఖ క్రైస్తవ సన్యాసుల మఠం, కెరటాలకి అంత దగ్గరగా ఎందుకు కట్టారో అన్నట్టు నీళ్ల ఒడ్డునే ఉంటుంది. 1624లో తురుష్క ఓడలు మీదికి వస్తే సన్యాసులే ఫిరంగులు పేల్చి తరిమారట. స్పెయిన్ అంతర్యుద్ధ కాలంలో ఇదే ఖైదీల శిబిరమైంది, లోపలి గోడల మీద వాళ్ల రాతలు ఇప్పటికీ ఉన్నాయి. అంత పొద్దున్నే తలుపులు తీసి లేవు. బయటి నుంచే చూసి కదిలాం.

ఇక్కణ్ణుంచి ఇవాళ్టి మజిలీ బయోనా సుమారు 18 కిలోమీటర్లు. ఫొటోల్లో కనిపించే దారి వేరు, కాళ్లకి తగిలే దారి వేరు. సగం దూరం రోడ్డు పక్కన సిమెంటు మీదే నడక. మధ్యమధ్యలో దారి చూపే పసుపు బాణం గుర్తు కిందికి తిప్పి బండల మధ్యకి, రాతి గోడల పొలాల్లోకి తీసుకెళ్తుంది, కాసేపటికి మళ్లీ రోడ్డు మీదే వదిలేస్తుంది. ఎదురుగాలికి టోపీ నిలవదు. ఎడమ చెవిలో సముద్రం హోరు, కుడి చెవిలో లారీలు.

ఆ పసుపు బాణాలకి కారణం ఓ సెబ్రేరో అనే కొండ ఊరి ఫాదర్, ఎలియాస్ వలీన్యా. 1980లలో రంగు డబ్బా పట్టుకుని, ఫ్రాన్స్ వైపు నుంచి సాంటియాగోకి వచ్చే దారి పొడవునా ఆయనే గీసుకుంటూ వెళ్లాడు. తర్వాత మిగతా దారులకీ అవే గుర్తులయ్యాయి. ఇప్పుడు గలీసియా ప్రాంతంలో వాటితోపాటు నడుమెత్తు రాళ్లు కూడా పాతారు. పైన ఆల్చిప్ప గుర్తు, దాని కింద బాణం, అడుగున సాంటియాగో ఇంకెంత దూరమో చెప్పే రేకు. వదిన లెక్కల టీచరుగా రిటైరైంది. మొదటి రాయి చూడగానే “ఇదేంటి, లక్షల కిలోమీటర్లా!” అని ఆగిపోయింది. ఇక్కడ దశాంశానికి చుక్క బదులు కామా పెడతారు. కామా తర్వాత మూడంకెలు, అంటే మీటర్లతో సహా లెక్క. ఇక అక్కణ్ణుంచి ఆవిడ చేతిలో గడియారం, నోట్లో లెక్క. రాయికీ రాయికీ మధ్య దూరాన్ని నిమిషాలతో భాగించడం, “ఇందాకటి కంటే తగ్గాం” అని నా వైపు చూడటం.

కొన్ని రాళ్లకి రేకు ఉండదు. పలకంత గుంట, నాలుగు మూలలా జిగురు మరకలు. గుర్తుగా ఉంటుందని యాత్రికులే పీక్కెళ్లిపోతారట. “పుణ్యానికొచ్చి దొంగతనమా!” అంది వదిన. పాపం గురించి కంటే లెక్క ఆగిపోయిందని ఆవిడ బాధ ఎక్కువ.

ఆవిడ నడక నాకంటే వేగం. తొలిరోజుల్లో పక్కపక్కనే నడవాలని పంతం పట్టి ఇద్దరం అలిసిపోయాం. ఇప్పుడు ఎవరి అడుగు వాళ్లది. దూరంగా ఆవిడ ఎర్ర బ్యాగు చుక్కలా కదులుతుంటుంది, తర్వాతి బార్ దగ్గర కలుసుకుంటాం. ఇక్కడ బార్ అంటే కాఫీ, ఆమ్లెట్ దొరికే చోటు కూడా. నేను చేరేసరికి వదిన నా పాస్‌పోర్టు కోసం చెయ్యి చాపి ఉంది. యాత్రికుల పాస్‌పోర్టు. దారిలో బార్లలోనూ చర్చిల్లోనూ అందులో ముద్రలు వేయించుకోవాలి. కనీసం 100 కిలోమీటర్లు నడిచినట్టు అది చూపిస్తేనే చివర్లో యాత్ర పూర్తి చేసినట్టు పత్రం ఇస్తారు. బంగాళాదుంప ఆమ్లెట్ ముక్క చల్లగా ఉన్నా ఆ ఆకలికి అమృతం.

అస్ మరిన్యాస్ అనే చోటు దాటాక దారి రోడ్డుని వదిలి కొండెక్కింది. ఈ రోజంతటికీ అసలు నడక ఇదే. కింద పెద్ద పెద్ద రాతి పలకలు, వాటి మీద రెండు గాడులు. శతాబ్దాల పాటు బండి చక్రాలు అరగదీసినవి. వదిన వంగి జేన పెట్టి కొలిచింది, ఒకచోట అరచేయి నిలువునా దిగబడింది. గాడిలో అడుగేస్తే చీలమండ మెలిపడుతుంది, గట్టు మీద వేస్తే జారుతుంది. వేగం లెక్కలు అక్కడ ఆగిపోయాయి. మొదటిసారి ఆవిడే నా వెనక నడిచింది. ఎడమవైపు దిగువన సిల్యేరో అగ్రం, నీలగిరి చెట్ల వాసన. కొండ దిగుతుంటే బయోనా అఖాతం, దాని అవతల సీయెస్ దీవులు.

బయోనా రేవులో ‘పింటా’ ఓడ నమూనా ఉంది. కొలంబస్‌తో వెళ్లిన మూడు ఓడల్లో అదొకటి. 1493 మార్చి 1న ఇక్కడికే చేరి, అట్లాంటిక్ అవతల నేల కనిపించిందన్న కబురు యూరప్‌కి మొదట తెచ్చింది. వాళ్లు మాత్రం ఇండియా దరిదాపులకి వెళ్లొచ్చామనే అనుకున్నారు.

“అయితే అసలు ఇండియా వాళ్లం ఇప్పుడొచ్చామని చెప్పు,” అంది వదిన, బూట్లు విప్పుతూ.

హోటల్‌లో భోజనం అడిగితే కిచెన్ ఎనిమిదిన్నరకి తెరుస్తారట. అప్పటికి ఐదే అయింది.

“ఎనిమిదిన్నర దాకా నేను మేలుకుని ఉంటే మీ యాకోబు మహిమ ఒప్పుకుంటా,” అని మంచమెక్కింది. ఏడింటికల్లా గురక. నేనొక్కదాన్నే వెళ్లి వేయించిన మిరపకాయలు, రొట్టె తిని, ఆవిడకో పొట్లం కట్టించుకొచ్చాను.