సొంత పాటలు పక్కనపెట్టి కవర్ ఆల్బమ్ చేశాను - నా అనుభవం

మాది పర్లాకిమిడి. కుర్రతనం నుంచీ పాటలు రాసుకుని నేనే బాణీ కట్టి పాడుకోవడమే పని, క్యాసెట్లు అమ్మాను, సీడీలు అమ్మాను, ఇప్పుడు యూట్యూబ్. అరవై దాటాక నన్ను ఈ దారి పట్టించినవాళ్ల పాటలు నా గొంతుతో ఒక ఆల్బమ్‌గా పాడాలనిపించింది, దీన్నే కవర్ అంటారు. "రాసే పని లేదు కదా గురువుగారూ, వారంలో లేపేద్దురు" అన్నారు మావాళ్లు. ఎక్కడ! సొంత పాటైతే నోరు తిరగని చోట మాట మార్చేస్తాను, ఊపిరి చాలకపోతే లైను కత్తిరించేస్తాను, అడిగేవాడు లేడు. ఇంకొకరి పాటలో ఆ వీలు లేదు, అదీ అసలు కష్టం.

ముందు హక్కుల గొడవ. ఒక సినిమా పాట నాకు ప్రాణం, దాని కంపెనీకి మెయిల్ మీద మెయిల్ పెట్టాను, ఉలుకూ పలుకూ లేదు. సరే, చట్టంలో దారి ఉందంటే బరంపురంలో తెలిసిన వకీలుని అడిగాను. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణలో 31సీ అని ఒక సెక్షన్ వచ్చింది, మొదటి రికార్డింగ్ చేసిన ఏడాది పోగా 5 ఏళ్లు దాటితే నోటీసిచ్చి, రాయల్టీ ముందే కట్టి కవర్ చేసుకోవచ్చు. వినడానికి బానే ఉంది కదా, కానీ పాటకి ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన కట్టాలట, నా సీడీ 500 అమ్ముడుపోతే పండగ చేసుకున్నోణ్ని నేను! ఆ పాట అక్కడితో వదిలేశాను.

ఇక కాపీరైట్ తీరిపోయినవి వెతికాం. రాసినవాళ్లు పోయిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్క. గురజాడ పోయింది 1915లో, ఆయన గేయాలకి ఇబ్బందే లేదు. నండూరి సుబ్బారావు గారు 1957లో పోయారు కాబట్టి ఎంకి పాటలు 2018 నుంచి అందరివీ. కృష్ణశాస్త్రి గారంటే ఎంత ఇష్టమున్నా 2040 పూర్తయ్యేదాకా అనుమతి లేకుండా ముట్టకూడదు, అప్పటికి నేనుంటే చూద్దాం. ఇంకో మెలిక ఏంటంటే సాహిత్యం వేరు, బాణీ వేరు. ఎంకి మాటలు ఫ్రీయే గానీ వాటికి తర్వాత ఎవరో కట్టిన బాణీ వాళ్లదే. అందుకే గురజాడ గేయానికీ, ఎంకి పాటలకీ బాణీ నేనే కట్టుకున్నా, అప్పుడిది కవరేంటి సొంతమేంటి అని మా తమ్ముడు నవ్వాడు, నవ్వనీ.

రికార్డింగ్ బరంపురంలో ఒక చిన్న స్టూడియోలో. సౌండ్ ఇంజనీరు ఒడియా కుర్రాడు, తెలుగు నాలుగు ముక్కలు కూడా రాదు, చెవి మాత్రం గట్టిది. గురజాడ దేశభక్తి గేయం మొదలెట్టగానే గొడవ. ఆ గేయం ఛందస్సు ముత్యాల సరం, దాని నడక మూడూ నాలుగూ, మూడూ నాలుగూ కదా, ఏడు దెబ్బల మన మిశ్రచాపు తాళం, కుర్రాడేమో అలవాటుగా క్లిక్ (లయ తప్పకుండా హెడ్‌ఫోన్‌లో వినిపించే టిక్కు) నాలుక్కి పెట్టేశాడు, రెండో లైనుకే నేనొక దారి క్లిక్కొక దారి. హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద తకిట తకధిమి కొట్టి చూపించాను, "హఁ ఆజ్ఞా, సెవెన్!" అని మార్చాడు. అయినా ప్రతి దెబ్బా టిక్కు టిక్కుమంటుంటే పాట స్కూలు డ్రిల్లులా ఉంది, చివరికి ఏడింటిలో మొదటి దెబ్బ, నాలుగో దెబ్బ మాత్రమే వినిపించేలా పెట్టించుకుని పాడాను, అప్పుడు కుదిరింది.

శ్రుతి కూడా చెప్పాలి. ఒకప్పుడు రెండున్నరలో హాయిగా పాడేవాణ్ని, ఇప్పుడు ఒకటిన్నరే. శ్రుతి దింపితే పై స్థాయి సుఖమే గానీ కింద మంద్రంలో అక్షరాలు మైకులో పడవు, కండెన్సర్ మైకుకి మరీ దగ్గరికెళ్తే ఊపిరి బుస్సుమంటుంది. ఎంకి పాటలో ఒక చోట గొంతు కొంచెం జీరబోయింది, తీసేయమన్నాను. కుర్రాడు తీయలేదు. "ఆఉ థరే" (ఇంకోసారి) అని మళ్లీ మళ్లీ పాడించి అన్నీ వినిపించి, మాట అర్థం కాకపోయినా ఆ జీరబోయిందే పెట్టమని పట్టుబట్టాడు. ఇంటికెళ్లి విని ఒప్పుకున్నాను. పిచ్ కరెక్షన్ (కంప్యూటర్లో శ్రుతి సరిచేయడం) మాత్రం ఎక్కడా వేయనివ్వలేదు, ఆ వేసిన గొంతు నాకు ప్లాస్టిక్ పువ్వులా వినబడుద్ది, నా చాదస్తం అనుకోండి.

అప్‌లోడ్ దగ్గర ఇంకో తతంగం. ప్రతి పాటకీ ఆ రికార్డింగ్‌ని గుర్తుపట్టడానికి ఐఎస్ఆర్‌సీ కోడ్ అని అక్షరాలూ అంకెలూ కలిపి 12 ఉంటాయి, రచయిత పేరు, స్వరకర్త పేరు విడివిడిగా నింపాలి, అక్కడ "కవరా ఒరిజినలా" అని అడుగుతారు, ఎంకి పాటలకి ఏం టిక్ పెట్టాలో కాసేపు చూస్తూ కూర్చున్నా. పెట్టిన కొన్నాళ్లకే గురజాడ పాట తమదంటూ ఎవరిదో క్లెయిమ్ వచ్చింది! కవి పోయిన సంవత్సరం, గొంతు నాదే, బాణీ నాదే అని వివరంగా రాసి డిస్‌ప్యూట్ పెడితే తీసేశారు. ఇలాంటివి చేసేవాళ్లు స్టూడియో ప్రాజెక్ట్ ఫైళ్లు హార్డ్ డిస్క్‌లో దాచుకోండి, నా రికార్డింగే అని చూపించాల్సొస్తే అవే పనికొస్తాయి. ఎంకి పాటలకి ఇంతవరకూ ఏ క్లెయిమూ రాలేదు. మా వీధిలో పెద్దావిడ మాత్రం బాణీ మార్చానని ఇంకా మాట్లాడట్లేదు.